సినిమా అన్న మాటే తెలియని మోడల్: ఒక ఎం.టెక్ ప్రాజెక్టు కేస్ స్టడీ

తెలుగు వార్తలను వర్గాలుగా విడదీసేందుకు ఒక విద్యార్థి తయారుచేసిన కంప్యూటర్ మోడల్ కథ ఇది. ఈ కేసులో సగం తప్పు గైడ్‌ది, అంటే నాది. అందుకే విద్యార్థి గురించి చెప్పేముందు నా సంగతి చెప్పుకోవడం న్యాయం.

కోస్తాలో ఒక అనుబంధ ఇంజినీరింగ్ కళాశాలలో పద్నాలుగేళ్లుగా కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెబుతున్నాను. ఆ ఏడాది నా చేతి కింద నలుగురు ఎం.టెక్ విద్యార్థులు, ఏడు బి.టెక్ ప్రాజెక్టు బ్యాచ్‌లు, వారానికి పదహారు గంటల క్లాసులు ఉన్నాయి. ఎం.టెక్ వాళ్లకు శనివారం మధ్యాహ్నం తలా ఒక అరగంట. ఆ అరగంటలో స్లైడ్లు చూసేదాన్ని, గ్రాఫులు చూసేదాన్ని, "బాగుంది, వచ్చే వారానికి లిటరేచర్ సర్వే పూర్తి చెయ్యి" అనేదాన్ని. కోడ్ తెరిచి చూసేదాన్ని కాదు. చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. రెండేళ్ల ఎం.టెక్‌లో మొదటి ఏడాది సబ్జెక్టులతో, రికార్డులతో గడిచిపోతుంది. రెండో ఏడాదంతా ప్రాజెక్టే. ఆ ఏడాది మీద డిగ్రీ విలువ ఎంత ఆధారపడి ఉందో తెలిసి కూడా, నేను ఇచ్చినది వారానికి ముప్పై నిమిషాలు.

మా వైపు ఎం.టెక్‌లో చేరేవాళ్లు మూడు రకాలు. అధ్యాపక ఉద్యోగానికి అర్హత కావాలని చేరేవాళ్లు కొందరు. వేరే పరీక్షలకు చదువుకుంటూ మధ్యలో ఒక నీడ కావాలని చేరేవాళ్లు కొందరు. నిజంగా చదువుకోవడానికి వచ్చేవాళ్లు మూడో రకం, ఏడాదికి ఒకరో ఇద్దరో. మొదటి రెండు రకాలవాళ్ల కోసం హైదరాబాద్ అమీర్‌పేటలో బోర్డులు వేలాడుతుంటాయి. డబ్బు కడితే కోడ్, రిపోర్టు, స్లైడ్లు అన్నీ చేతిలో పెడతారు. ఏటా ఒకే ప్రాజెక్టు పేరు మార్చుకుని వచ్చి నా బల్ల మీద వాలడం నేను చూస్తూనే ఉన్నాను.

ఇతను మూడో రకం. వయసు ఇరవై ఏడు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మూడేళ్లు టెస్టింగ్ పని చేసి, మానేసి వచ్చాడు. గేట్ పరీక్షలో అర్హత ఉంది కనుక అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) ఇచ్చే నెలకు ₹12,400 ఉపకారవేతనం వచ్చేది. అంతకుముందు జీతంలో అది మూడో వంతు. ఇల్లు అద్దంకి దగ్గర. ఉద్యోగం వదిలేసి మళ్లీ కాలేజీలో చేరాడని వాళ్లమ్మ ఊళ్లో చెప్పలేదట. "సెలవు పెట్టి చదువుతున్నాడు" అని చెప్పుకుంటోందట. ఈ మాట అతను నవ్వుతూనే చెప్పాడు గానీ, ఆ నవ్వు వెనకున్న బరువు తర్వాత మార్చి నెలలో నాకు తెలిసింది.

ఎంచుకున్న అంశం తెలుగు వార్తల వర్గీకరణ. ఒక వార్త ఇస్తే అది రాజకీయమా, క్రీడలా, సినిమానా, వాణిజ్యమా, నేరమా, ఆరోగ్యమా అని కంప్యూటర్ చెప్పాలి. అరిగిపోయిన అంశమే. అయినా ఒప్పుకున్నాను. అతనికి రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే అలవాటు ఉంది. చదివే మనిషి తీసుకుంటే పాత అంశం కూడా పనికొస్తుందని నా నమ్మకం. రెండు వార్తా వెబ్‌సైట్ల నుంచి ఏడాది వార్తలు, దాదాపు పన్నెండు వేలు, సేకరించాడు. సైటు ఏ విభాగంలో పెడితే అదే ఆ వార్తకు లేబుల్. అయిదింట నాలుగు వంతులు మోడల్‌కు నేర్పడానికి, ఒక వంతు పరీక్షకు.

రెండు పద్ధతులు పోల్చాడు. మొదటిది పాతది: ఏ మాట ఏ వార్తలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి, అన్నిచోట్లా కనిపించే మాటలకు బరువు తగ్గించి, ఆ అంకెలను వర్గాల మధ్య గీత గీయడం నేర్చుకునే ఎస్‌వీఎం అనే పద్ధతికి ఇవ్వడం. మాటలకు ఇలా బరువు కట్టడాన్ని టీఎఫ్-ఐడీఎఫ్ అంటారు. రెండోది గూగుల్ వాళ్లు 2021లో వివరాలు ప్రచురించిన మురిల్. పదహారు భారతీయ భాషలతో, ఇంగ్లీషుతో ముందే తర్ఫీదు పొందిన భాషా మోడల్ అది.

మొదటి రివ్యూలో ఫలితాలు ఇవి: ఎస్‌వీఎం 97.8 శాతం, మురిల్ 95.9 శాతం.

అంకెలు చూసి కమిటీ సంతోషించింది. అతనికి మాత్రం మనసులో ముల్లు. కొత్త మోడల్ పాతదాని కంటే వెనకబడింది కదా, తన పనిలో కొత్తదనం ఏముందని అడుగుతారేమోనని బెంగ. ఒక సీనియర్ అధ్యాపకుడు అడిగారు కూడా: "మురిల్ ఎందుకు వెనకబడింది?" అతను "డేటా తక్కువ కావడం వల్ల సార్" అన్నాడు. నేను తల ఊపాను. ఆ ప్రశ్నకు అసలు జవాబు వెతికి ఉంటే కథ అక్కడే తేలిపోయేది. ఆ రోజు ఆ గదిలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే. అడిగినాయన కూడా జవాబు కోసం ఆగలేదు.

సంక్రాంతి తర్వాత శనివారం

నాకేదో అనుమానం వచ్చి కాదు. చివరి రివ్యూలో ప్రదర్శనకు ఏదైనా కొత్త వార్త కావాలి, అంతే. ల్యాబ్ అటెండరు బల్ల మీద ఆ రోజు పేపరు ఉంది. అతను సేకరించిన రెండు సైట్లకూ సంబంధం లేని మూడో పత్రిక. "ఇందులో వార్తలు కొన్ని దాని ఆన్‌లైన్ సంచిక నుంచి తీసుకుని నీ మోడల్‌కు ఇవ్వు" అన్నాను. నలభై వార్తలు తీసుకున్నాడు. టీ తాగి వచ్చేసరికి ఎస్‌వీఎం ఫలితం వచ్చింది. నలభైలో ఇరవై మూడు సరైనవి.

"మేడమ్, ఏదో పొరపాటు. మళ్లీ నడుపుతాను."

మళ్లీ ఇరవై మూడే. మూడోసారీ అంతే. పరీక్షల్లో 97 వచ్చిన పిల్లవాడు ఇంటి దగ్గర అవే లెక్కలు అడిగితే సగం తప్పు చేస్తే ఏమనుకుంటాం? పేపరు ముందే లీకైందనుకుంటాం. మా రంగంలోనూ దాన్ని డేటా లీకేజీ అనే అంటారు. పాఠం ఏటా చెబుతాను. నా విద్యార్థి ప్రాజెక్టులో ఉందనుకోలేదు.

ఎస్‌వీఎంలో ఒక సుగుణం ఉంది. లోపలికి తొంగి చూడవచ్చు. ఏ వర్గానికి ఏ మాట మీద ఎంత బరువు పెట్టిందో వరుసగా అచ్చు వేయించవచ్చు. ఒక్కో వర్గానికి మొదటి ఇరవై మాటలు అచ్చు వేయమన్నాను. అయిదు నిమిషాల పని. ఆగస్టులోనే చేయించవలసిన పని.

తెర మీదకు వచ్చినవి మాటలు కావు. డల. జయవ. రభ. జక. నగర. బడ. ఇద్దరం కాసేపు వాటిని చూస్తూ ఉండిపోయాం. ఏదో తెలియని భాష నిఘంటువులా ఉంది. ముందుగా పోల్చుకున్నది అతనే. "మేడమ్, జయవ అంటే విజయవాడ!"

సంగతి ఇది. స్కికిట్-లెర్న్ అనే, సిద్ధంగా దొరికే ప్రోగ్రాముల లైబ్రరీలో వాక్యాన్ని మాటలుగా విడగొట్టే పనికి మనం వేరే ఏమీ చెప్పకపోతే అది తనకు తెలిసిన ఒక నమూనా వాడుతుంది: పక్కపక్కనే కనీసం రెండు అక్షరాలు ఉంటే అది మాట. అక్షరం అంటే ఏమిటో ఆ లైబ్రరీ రాసిన ప్రోగ్రామింగ్ భాష పైథాన్ నిర్ణయిస్తుంది. పైథాన్ దృష్టిలో మన క, ఖ, గ అక్షరాలే, అ, ఆ కూడా అక్షరాలే. గుణింతం గుర్తులు, పొల్లు, సున్న మాత్రం అక్షరాలు కావు. అవి వచ్చినచోటల్లా అది మాటను కత్తిరిస్తుంది. ఒంటరిగా మిగిలిన అక్షరాన్ని పారేస్తుంది. ఇంగ్లీషుకు ఈ బెడద లేదు. హల్లు మీద అచ్చును గుర్తుగా తగిలించే మన లిపికి వచ్చేసరికి కత్తి సరిగ్గా కీళ్ల దగ్గర పడుతుంది.

విజయవాడను విడదీస్తే వ, గుడి, జ, య, వ, దీర్ఘం, డ. గుడి దగ్గర ఒక కోత, దీర్ఘం దగ్గర ఒక కోత. రెండు చివర్ల వ, డ ఒంటరివి కనుక పోతాయి. మధ్యలో మిగిలేది జయవ. విజయవంతంలో మిగిలేదీ జయవే. మా మోడల్‌కు ఊరు, గెలుపు రెండూ ఒకటే. క్రీడలు డల అయింది. ప్రభుత్వం రభ అయింది. పరుగులు పర అయింది. వికెట్, పోలీసులు పూర్తిగా మాయం. ఆ రెండింటిలో గుర్తు లేని అక్షరాలు పక్కపక్కన రెండు లేవు.

అప్పుడు అతను నెమ్మదిగా టైపు చేశాడు: సినిమా. సి, ని, మా. ప్రతి అక్షరానికీ ఒక గుర్తు. ఫలితం ఖాళీ. మా మోడల్‌కు సినిమా అన్న మాటే తెలియదు. తెలుగు వార్తలు చదువుతూ సినిమా అన్న మాట తెలియకుండా, సినిమా వార్తలను 97 శాతం పైగా సరిగ్గా ఎలా గుర్తుపట్టింది?

జవాబు ఆ జాబితాల్లోనే, ప్రతి వర్గంలోనూ మొదటి స్థానంలో ఉంది. క్రీడల్లో ఇంగ్లీషు లిపిలో స్పోర్ట్స్. సినిమాలో ఎంటర్‌టైన్‌మెంట్. వాణిజ్యంలో బిజినెస్. మొదట చూసినప్పుడు ఆ తెలుగు ముక్కల వింతలో పడి వీటిని పట్టించుకోలేదు. రెండు సైట్లలో ఒకటి ప్రతి వార్త అడుగున ఏ విభాగానిదో ఇంగ్లీషులో చిన్న ట్యాగ్ పెడుతుంది. పేజీ నుంచి వార్తను లాగేటప్పుడు ఆ ట్యాగ్ కూడా వెంట వచ్చేసింది. తెలుగు మాటలన్నీ ముక్కలయ్యాయి, ఇంగ్లీషు ట్యాగ్ ఒక్కటే నిండుగా మిగిలింది. మోడల్ వార్త చదవడం నేర్చుకోలేదు. అడుగున రాసి ఉన్న జవాబు చదవడం నేర్చుకుంది.

మురిల్ ఎందుకు వెనకబడిందో కూడా ఇప్పుడు తేలింది. మురిల్ లాంటి బెర్ట్ తరహా మోడళ్లు ఒక విడతకు 512 టోకెన్ల వరకే, అంటే మాటలు, మాటల ముక్కలు కలిపి అన్నే చూస్తాయి. పొడవైన వార్తల్లో తోక తెగిపోతుంది. తోకతోపాటు ట్యాగ్ కూడా పోతుంది. అంటే మురిల్‌కు జవాబు చిన్న వార్తల్లోనే కనిపించింది, ఎస్‌వీఎంకు పెద్దవాటిలో కూడా కనిపించింది. కాపీ కొట్టే అవకాశం ఎవరికి ఎక్కువ ఉంటే వాళ్లకు మార్కులు ఎక్కువ వచ్చాయి. "డేటా తక్కువ కావడం వల్ల సార్" అన్న మాట గుర్తొచ్చి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

అంకె దిగడం

ట్యాగులు తీసేసి, మాటలను ఖాళీల దగ్గర మాత్రమే విడగొట్టి మళ్లీ నడిపాడు. ఎస్‌వీఎం 92.6, మురిల్ 94.1. వరుస తారుమారైంది. ఇక్కడితో ఆగినా ఎవరూ తప్పుపట్టరు. నేను ఆగమనే అన్నాను. "ఇప్పుడు కొత్త మోడలే ముందుంది, నీకు కావలసిందీ అదే కదా, రాసెయ్యి" అన్నాను. ఈ కేసులో నా రెండో తప్పు అది.

తర్వాత రెండు శనివారాలు అతను రాలేదు. ఫోను చేస్తే ఒంట్లో బాగాలేదన్నాడు. మూడో శనివారం వచ్చినప్పుడు చేతిలో ఒక నోటుపుస్తకం ఉంది. నిండా చేతిరాత.

"ఇన్నాళ్లూ నేను డేటా చదవలేదు మేడమ్. పన్నెండు వేల వార్తల్లో వరుసగా ఒక అయిదు వందలు కూర్చుని చదివాను. చదువుతుంటే, ఇది ఇందాకే చదివానే అనిపించింది."

టెస్టింగ్ ఉద్యోగం చేసిన మనిషి అప్పుడు బయటికి వచ్చాడు. మన పత్రికలకు జిల్లా సంచికలుంటాయి. ఒకే వార్త గుంటూరు పేజీలో ఒక శీర్షికతో, ప్రకాశం పేజీలో ఇంకో శీర్షికతో వస్తుంది. వార్తాసంస్థ పంపిన కబురు రెండు సైట్లూ అటూ ఇటుగా అవే మాటల్లో వేస్తాయి. యాదృచ్ఛికంగా ఎంచి విడగొట్టినప్పుడు వాటిలో ఒకటి నేర్చుకునే వైపు, దాని కవల పరీక్ష వైపు పడుతుంది.

అచ్చంగా ఒకేలా ఉన్నవి ముందే తీసేశానని రిపోర్టులో రాశాడు. నిజమే, 214 తీసేశాడు. కానీ కంటికి ఒకేలా కనిపించేవి కంప్యూటర్‌కు ఒకటి కాకపోవచ్చు. నోటుపుస్తకంలో అతను రెండు మాటలు పక్కపక్కన పెట్టి గీతలు గీశాడు. మొదటిది సాఫ్ట్‌వేర్. ట్ కింద వ ఒత్తుగా దిగకుండా ఉండాలంటే మధ్యలో కనిపించని ఒక గుర్తు వేయాలి. ప్రపంచ లిపుల అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ఒక సైటు ఆ గుర్తు వేస్తుంది, ఇంకొకటి వేయకుండా సాఫ్ట్వేర్ అని వదిలేస్తుంది. కొన్నిచోట్ల ఏ తేడా రాకపోయినా, పొల్లుతో ముగిసే మాట తర్వాత అలవాటుగా ఆ గుర్తు పడిపోయి ఉంటుంది. రెండోది రైతు. ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వం కొస అని రెండు గుర్తులుగా రాయవచ్చు. తెర మీద రెండూ ఒక్కటే రైతు. లోపల బైట్లు వేరు. ప్రతి వార్తలోనూ ఎక్కడో ఒకచోట ఇలాంటి తేడా ఒక్కటి ఉన్నా చాలు, అచ్చంగా పోల్చే పరీక్షకు అది చిక్కదు.

కనిపించని గుర్తులు తీసేసి, యూనికోడ్ రూపాలను ఒకే తీరుకు తెచ్చాక అచ్చు కవలలు 611 అయ్యాయి. దగ్గరి పోలికల కోసం మిన్‌హాష్ వాడాడు. 1997లో ఆండ్రీ బ్రోడర్ అల్టావిస్టా సెర్చ్ ఇంజిన్ కోసం, వెబ్‌లో ఒకేలాంటి పేజీలను ఏరడానికి తెచ్చిన పద్ధతి అది. వార్తను అయిదేసి అక్షరాల ముక్కలుగా చేసి, రెండు వార్తలకు ఉమ్మడి ముక్కలు ఎన్ని ఉన్నాయో అంచనా వేస్తుంది. పద్దెనిమిది వందలకు పైగా వార్తలు ఏదో ఒక గుంపులో తేలాయి. ఒక్కో గుంపు మొత్తాన్ని ఒకే వైపు ఉంచి మళ్లీ నడిపితే ఎస్‌వీఎం 88.9, మురిల్ 91.7.

ఆ తర్వాత అడిగింది నేను. అప్పటికి నాకూ సిగ్గు వచ్చింది. "మోడల్ వాడేది రేపటి వార్తల మీద కదా, మరి నిన్నటి వార్తలతో నేర్పి మొన్నటి వార్తలతో పరీక్షిస్తే ఎలా?" మొదటి పది నెలలు నేర్చుకోవడానికి, చివరి రెండు నెలలు పరీక్షకు పెట్టాడు. యాదృచ్ఛికంగా కలిపినప్పుడు ఒక కుంభకోణం, ఒక క్రికెట్ సిరీస్, ఒక సినిమా విడుదల రెండు వైపులా ఉంటాయి. పేర్లు గుర్తుంటే చాలు, మార్కులు పడతాయి. కాలం ప్రకారం విడగొడితే కొత్త పేర్లు ఎదురవుతాయి. ఎస్‌వీఎం 82.3కు పడింది. మురిల్ 87 దగ్గర నిలిచింది. పాత పద్ధతికి దెబ్బ ఎక్కువ తగలడానికి ఒక కారణం మన భాష స్వభావం. హైదరాబాదులో, హైదరాబాదుకు, హైదరాబాదు అన్నవి దానికి వేరువేరు మాటలు. మురిల్ మాటను చిన్న ముక్కలుగా చేసుకుంటుంది కనుక మొదలు ఒకటే అన్న సంగతి కొంతైనా పట్టుకుంటుంది. ఆ ముక్కలు మన అక్షరాల కీళ్ల మీద గుడ్డిగా పడిన కోతలు కావు. పెద్ద పాఠ్యరాశి చూసి నేర్చుకున్నవి.

మార్చి నెల

విభాగాధిపతి నన్ను పిలిచారు. "మేడం గారూ, మొదటి రివ్యూలో 97 చూపించాం. ఇప్పుడు 87 అంటే కమిటీ ఏమనుకుంటుంది? ఏడు నెలల పని వెనక్కి నడిచినట్టు లేదూ?"

ఆయన చెడ్డమనిషి కాదు. రిజిస్టర్లలో అంకెలు పైకి పోవాలి, అంతే. కమిటీలో ఒకరు ఇంకొంచెం ముందుకు వెళ్లి, మళ్లీ యాదృచ్ఛికంగా విడగొట్టిన ఫలితమే పట్టికలో పెట్టి, కాలం ప్రకారం చేసినది అనుబంధంలో వేయమని సలహా ఇచ్చారు. అలా చేస్తే అబద్ధం కాదు కదా అన్నారు. కాదు నిజమే. ఇలాంటి నిజాలతోనే మా షెల్ఫుల్లో సగం థీసిస్‌లు నిండి ఉన్నాయి.

అతను నా గదిలో కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఎం.టెక్ థీసిస్ ఎవరు చదువుతారు మేడమ్? ఉద్యోగానికి వెళ్తే 97 అని చెప్పుకోవాలా, 87 అని చెప్పుకోవాలా? జీతం వదులుకుని వచ్చాను. ఇంట్లో ఇంకా సెలవులో ఉన్నానని చెబుతున్నారు."

నాకు అలవాటైన జవాబు ఒకటుంది. 1937లో అమెరికాలోని ఎంఐటీలో క్లాడ్ షానన్ అనే విద్యార్థి రాసిన మాస్టర్స్ థీసిస్ గురించి చెబుతాను. రిలే స్విచ్‌ల వలయాలను, నిజం, అబద్ధం అన్న రెండు విలువలతో నడిచే బూలియన్ బీజగణితంతో లెక్కించవచ్చని అందులో చూపాడు. ఈనాటి డిజిటల్ సర్క్యూట్ల రూపకల్పనకు పునాది అదే. కానీ ఆ రోజు ఆ కథ నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నెలకు ₹12,400తో బతికే మనిషికి షానన్ కథ ఏం చేసుకోవడానికి? "నువ్వు టెస్టింగ్ చేసినప్పుడు బగ్ దొరికితే ఏం చేసేవాడివి?" అని మాత్రం అడిగాను. "రాసి పెట్టేవాడిని" అన్నాడు. "ఇదీ రాయి. మొదటి అంకె దగ్గర నుంచి చివరి అంకె దాకా, ప్రతి మెట్టూ, ప్రతి మెట్టుకూ కారణం. పట్టికలో నాలుగూ ఉంటాయి" అన్నాను. ముందు పట్టిక పేరు "ప్రతిపాదిత మోడల్ సామర్థ్యం" అని ఉండేది. దాన్ని కొట్టేసి "దిద్దుబాటు వెంట మారిన ఫలితాలు" అని రాసుకున్నాడు.

అప్పటికీ ఒక అనుమానం మిగిలింది. 87 మంచి అంకేనా? దేనితో పోల్చాలి? ఇక్కడ అతని పెదనాన్నగారు వచ్చారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. పరీక్ష వైపు నుంచి రెండు వందల వార్తలు లేబుళ్లు తీసేసి ఆయనకిచ్చాడు. ఆయన పెన్సిలుతో ఒక్కో వార్త పక్కన వర్గం రాశారు. కొన్నిచోట్ల వర్గం రాయడం మాని వార్తలో భాషాదోషాలు దిద్దారు. పేజీల అంచులు ఎర్రసిరాతో నిండాయి. దిద్దుబాట్లు వద్దని మా కుర్రవాడు చెప్పలేకపోయాడు.

ఆయన రాసినది, సైటు పెట్టిన లేబుల్ కలిసినవి 176. అంటే 88 శాతం. యాదృచ్ఛికంగా కలిసేవాటిని మినహాయించి లెక్కగట్టే కొలత ఒకటుంది, 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన కప్పా. పూర్తిగా కలిస్తే అది 1. మాకు 0.85 వచ్చింది. జీవితమంతా తెలుగు చదివిన మనిషే పత్రికతో నూటికి పన్నెండుసార్లు విభేదిస్తుంటే, మోడల్ 97 సార్లు ఎలా ఏకీభవించింది? ఈ ప్రశ్న మాకు ఆగస్టులోనే తట్టి ఉంటే, కోడ్ తెరవకుండానే ఏదో తేడా ఉందని తెలిసేది. రెండు వందల వార్తలు, ఒక పెన్సిలు, నాలుగు సాయంత్రాలు. ఇప్పుడు నా దగ్గర ఏ వర్గీకరణ ప్రాజెక్టయినా ముందు మనిషితో రెండు వందలు రాయించి, ఆ తర్వాతే మోడల్ దగ్గరకు వెళ్తుంది. పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ అనుకుంటాను.

రాయడం, వైవా

రాత దగ్గర అతనికి ఇంకో దెబ్బ తగిలింది. మొదటి ప్రతికి, ఇతరుల రాతల నుంచి ఎంత ఎత్తిరాశారో చూసే పోలికల తనిఖీలో, 31 శాతం వచ్చింది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా అభ్యంతరం లేదు. 10 దాటి 40 లోపు ఉంటే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. దొంగతనం ఏమీ లేదు. మురిల్ ఎలా పనిచేస్తుందో, ఎస్‌వీఎం అంటే ఏమిటో చెప్పే అధ్యాయాన్ని వ్యాసాల నుంచి వాక్యాలకు వాక్యాలు తెచ్చి కూర్చాడు. ఇది మా వాళ్లందరికీ ఉన్న జబ్బు. తన పని గురించి రాసినచోట పోలిక ఒక్క శాతం కూడా లేదు. ఆ అధ్యాయాన్ని ఇరవై రెండు పేజీల నుంచి ఏడు పేజీలకు దించమన్నాను. మిగిలిన చోటు జయవకు, రైతుకు ఇచ్చాడు. రెండో తనిఖీలో 8.

వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మరో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పెద్దాయన. మొదటి ఇరవై నిమిషాలు మాట్లాడకుండా థీసిస్ తిరగేశారు. అంకెలు దిగుతున్న పట్టిక దగ్గర ఆగారు. నా గుండె కూడా అక్కడే ఆగింది. "ఇది నిజంగా ఇలాగే జరిగిందా?" అని అడిగారు. జరిగిందన్నాడు. "సినిమా అని టైపు చేసి చూపించు." ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు. ఖాళీ. ఆయన తన పేరు టైపు చేయమన్నారు. అందులో ఒక్క ముక్క మిగిలింది. ఆయన గట్టిగా నవ్వారు. తర్వాత అడిగిన ప్రశ్నలన్నీ మిన్‌హాష్ మీద. వాటిలో రెండింటికి ఇతని దగ్గర జవాబు లేదు. తెలియదనే చెప్పాడు.

చివర్లో ఆయన ఆ శనివారపు నలభై వార్తల గురించి అడిగారు. దిద్దుబాట్లన్నీ అయ్యాక మురిల్‌తో వాటిని మళ్లీ నడిపిస్తే ముప్పై నాలుగు సరైనవి. తప్పిన ఆరింటినీ అతను అనుబంధంలో పూర్తిగా వేశాడు. అందులో నాలుగోది, ఒక సినిమా నటుడు ఎన్నికల ప్రచారానికి వచ్చిన వార్త. పత్రిక దాన్ని సినిమా పేజీలో వేసింది. మోడల్ రాజకీయం అంది. వార్త మొత్తం రోడ్ షో, జనం, హామీలు. సినిమా ఊసు ఒక్క వాక్యంలో ఉంది. "ఇది తప్పెలా అవుతుందయ్యా?" అన్నారు ఎక్స్‌టర్నల్. లేబుల్ ప్రకారం తప్పే సార్ అన్నాడు ఇతను. 1983 నుంచి మన రాష్ట్రంలో ఆ రెండు పేజీల మధ్య గీత ఎక్కడుందో నాకు చెప్పు అన్నారు ఆయన. విభాగాధిపతి కూడా వాదనలో దిగారు. పావుగంట గడిచింది. మార్కుల కాగితం బల్ల మీద అలాగే ఉంది. అటెండరు రెండోసారి టీ తెచ్చినప్పుడు కూడా అది సినిమానా రాజకీయమా తేలలేదు.